మందు లేని సూది

షోలాపురం అనగానే మనవాళ్ళకు ముందుగా చాదర్లు జ్ఞాపకం వస్తాయి. తెలంగాణా పల్లెల నుండి మగ్గం పని వెతుక్కుంటూ తరతరాల క్రితం వెళ్ళి అక్కడే స్థిరపడిన పద్మశాలీల చలువ అది. ఉద్యోగరీత్యా నేను ఆ ఊళ్ళో నాలుగేళ్ళున్నాను. బ్యాంకు కౌంటరు ముందు సగం మంది తెలుగు మాట్లాడేవారు. కాని ఆ ఊరికి ఇంకొక కీర్తి కూడా ఉంది. దాని సంగతి మనలో చాలామందికి సినిమా పేరుగా మాత్రమే తెలుసు. 1946లో శాంతారాం తీసిన 'డాక్టర్ కోట్నీస్ కీ అమర్ కహానీ' కథానాయకుడు ద్వారకానాథ్ కోట్నీస్ అక్కడి వాడే. 1910 అక్టోబరు 10న అక్కడొక మరాఠీ కుటుంబంలో పుట్టాడు. ఆయన ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం.

1937లో జపాను చైనా మీద విరుచుకుపడింది. చైనా సేనాని జు డె మనకు వైద్యులను పంపమని నెహ్రూగారికి ఉత్తరం రాశాడు. 1938లో కాంగ్రెసు అధ్యక్షుడిగా ఉన్న సుభాస్ చంద్ర బోస్ ప్రజలకు విజ్ఞప్తి చేసి 22,000 రూపాయల నిధి పోగుచేశారు. ఆనాటి 22,000 అంటే ఎంతో డబ్బు లెక్కలు చూసే నాబోటి వాడికి వేరే చెప్పనక్కరలేదు. ఆ సెప్టెంబరులో అయిదుగురు వైద్యులు బొంబాయిలో ఓడ ఎక్కారు. అటల్, చోల్కర్, ముఖర్జీ, కోట్నీస్, కలకత్తాకు చెందిన బిజయ్ కుమార్ బసు. నలుగురు తిరిగి వచ్చారు. కోట్నీస్ రాలేదు. అక్కడే గువో చింగ్లాన్ అనే నర్సును పెళ్ళాడి, కొడుకు పుట్టిన కొన్ని నెలలకే, 1942 డిసెంబరు 9న మూర్ఛరోగంతో కన్నుమూశాడు. వయసు 32 ఏళ్ళు. కొడుక్కి పెట్టిన పేరు యిన్‌హువా. అందులో ఒక అక్షరం ఇండియా, ఇంకొకటి చైనా.

నేను చెప్పబోయే కథకు మాత్రం కోట్నీస్ కంటే తిరిగి వచ్చిన బసుగారు ముఖ్యులు. ఆయన 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. 1959లో కలకత్తాలో ఆ వైద్యం మొదలుపెట్టారు. మన దేశంలో ఈ సూది వైద్యం నాటుకున్నది అలా. మూడేళ్ళలో చైనాతో యుద్ధం వచ్చిపడింది. శత్రుదేశపు వైద్యాన్ని మెచ్చుకునే రోజులు కావవి. అయినా ఆయన దాన్ని వదల్లేదు. శిష్యులను తయారుచేశారు. 1996లో పశ్చిమ బెంగాల్ శాసనసభ ఈ వైద్యానికి ప్రత్యేక చట్టం చేసిందంటే దాని వెనుక ఆ పాత పునాది ఉంది. మహారాష్ట్ర కూడా తరవాత అలాంటి చట్టమే చేసింది.

సూది కోసం సోదికి వెళితే ఏం బయటపడుతుందో మన సామెత చెబుతుంది. పూర్తిగా రాయడం మర్యాద కాదు. కాని ఈ సూది పూర్వోత్తరాలు తవ్వుకుంటూ పోతే నిజంగానే చాలా సంగతులు బయటపడ్డాయి.

మొదటిది, ఈ విద్య మనదేనని, బౌద్ధ భిక్షువులు చైనాకు తీసుకుపోయారని కొందరు ఉత్సాహంగా చెబుతారు. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మస్థానాలను సాక్ష్యంగా చూపుతారు. సుశ్రుతుడు మర్మాలను చెప్పిన మాట నిజం. కాని ఎందుకు చెప్పాడు? అక్కడ కత్తి తగలరాదు, తగిలితే ప్రాణం మీదికి వస్తుంది అని శస్త్రవైద్యుణ్ణి హెచ్చరించడానికి చెప్పాడు. తాకవద్దన్న చోట్లను పొడవమన్న చోట్లుగా చూపడం లెక్కల్లో అప్పును జమగా రాసుకోవడం వంటిది. మన గొప్పలు మనకు చాలా ఉన్నాయి. ఇది చైనావారి గొప్ప, వారికే ఉండనిద్దాం.

చైనావారి గొప్పకూ మొదలు ఎక్కడో చెప్పడం అంత సులువు కాదు. 1973లో చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయి అనే చోట క్రీ.పూ. 168లో మూసిన సమాధి ఒకటి తవ్వారు. అందులో పట్టుగుడ్డల మీద రాసిన వైద్యగ్రంథాలు దొరికాయి. శరీరంలో ప్రాణశక్తి ప్రవహించే నాడీమార్గాల వర్ణన వాటిలో ఉంది. ఆ మార్గాల మీద మాచిపత్రి జాతి ఆకు కాల్చి వేడి పెట్టడం ఉంది. మన పల్లెల్లో వాతలు పెట్టేవాళ్ళు గుర్తుకు వస్తారు. సూది మాత్రం లేదు. కోట్నీస్ మరణించిన హెబెయ్ రాష్ట్రంలోనే మాన్‌చెంగ్ అనే చోట 1968లో ఇంకొక సమాధి బయటపడింది. క్రీ.పూ. 113లో చనిపోయిన లియు షెంగ్ అనే రాకుమారుడిది. అందులో నాలుగు బంగారు సూదులు, కొన్ని వెండి సూదులు ఉన్నాయి. సుమారుగా ఆ కాలంలోనే, క్రీస్తుకు ముందు ఒకటి రెండు శతాబ్దుల్లో, 'హువాంగ్‌ది నెయ్‌జింగ్' అనే గ్రంథం సంకలనమైంది. పచ్చ చక్రవర్తి అనే పురాణపురుషుడికీ అతని వైద్యుడికీ మధ్య సంవాదం అది. మన పురాణాల్లో శౌనకాదులు అడగడం, సూతుడు చెప్పడం లేదా, అలాగే. సూది ఎక్కడ, ఎంత లోతు, ఎంతసేపు అన్నది అందులో శాస్త్రంగా కనబడుతుంది. అంటే ఈ వైద్యానికి అయిదువేల ఏళ్ళ వయసు అని ప్రకటనల్లో వేసుకునేవారు సగానికి సగం వడ్డీ కలిపి చెబుతున్నారన్నమాట.

1027లో సొంగ్ వంశపు కాలాన వాంగ్ వెయ్‌యి అనే వైద్యుడు నిలువెత్తు కంచు మనిషిని పోతపోయించాడు. పొడవవలసిన చోటల్లా చిన్న రంధ్రం. పరీక్షనాడు పైన మైనం పూసి, లోపల నీళ్ళు నింపి, శిష్యుణ్ణి గుచ్చమనేవారని చెబుతారు. సరైన చోట గుచ్చితే నీరు కారుతుంది. తప్పితే సూది వంగుతుంది, శిష్యుడు ఇంటికి పోతాడు. ఇంత పకడ్బందీగా నడిచిన విద్యను 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్యశాల నుండి తొలగించాడు. చక్రవర్తి దేహానికి సూదీ నిప్పూ తగవని కారణం చెప్పారు. చైనాలోనే దీని పరువు అప్పటినుండి దిగజారింది.

విచిత్రమేమంటే సరిగ్గా ఆ రోజుల్లోనే ఐరోపాలో దీనికి గిరాకీ పెరిగింది. అక్కడికి ఈ వార్త చేరవేసింది మన తీరానికి బాగా తెలిసినవాళ్ళే, డచ్చివారు. మచిలీపట్నంలోనూ పులికాట్‌లోనూ కోఠీలు పెట్టి మన నేతగాళ్ళ బట్టలు కొన్న ఆ కంపెనీయే జపానులో నాగసాకి రేవు దగ్గర దెజిమా అనే చిన్న దీవిలో కూడా వ్యాపారం చేసింది. జపాను రాగి మన కోరమాండల్ రేవులకు వచ్చేది. ఆ దీవిలో 1674 నుండి 1676 దాకా కంపెనీ వైద్యుడిగా పనిచేసిన విలెం టెన్ రైన్ తాను చూసిన సూది వైద్యం గురించి లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. 1683లో లండనులో అచ్చయింది. ఆక్యుపంక్చర్ అనే మాట ఐరోపాకు ఆ పుస్తకంతో అలవాటైంది. రెండు లాటిన్ ముక్కలు కలిపిన మాట అది. సూది, గుచ్చడం.

ఫ్రాన్సులో లూయీ బెర్లియోజ్ అనే డాక్టరు 1810లో మొదలుపెట్టి రోగుల మీద ప్రయోగించి 1816లో తన అనుభవాలు ప్రకటించాడు. ప్రసిద్ధ సంగీతకారుడు హెక్టర్ బెర్లియోజ్ ఈయన కుమారుడే. లండనులో జాన్ చర్చిల్ అనే శస్త్రవైద్యుడు 1821లో దీనిమీద ఒక పుస్తకం అచ్చువేశాడు. 1892లో విలియం ఆస్లర్ రాసిన పెద్ద వైద్యగ్రంథంలో కూడా నడుం పట్టుకు సూది మంచిదని ఉంది. ఆడవాళ్ళ టోపీకి పెట్టుకునే పిన్నులైనా పనికొస్తాయని ఆయన సలహా. 

ఇంత జరిగీ ఐరోపాలో అది ఎందుకు నిలవలేదు? నాకు తోచింది చెబుతాను. 1853లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ వుడ్ బోలు సూదితో మార్ఫిన్‌ను చర్మం కిందికి ఎక్కించాడు. అంతకు సుమారు యాభై ఏళ్ళ ముందు సెర్ట్యూర్నర్ అనే జర్మన్ మందుల తయారీదారు నల్లమందు నుండి మార్ఫిన్‌ను వేరుచేసి ఉన్నాడు. మందు సిద్ధంగా ఉంది, దాన్ని లోపలికి పంపే దారి దొరికింది. మందున్న సూది వచ్చాక మందు లేని సూదిని ఎవరు అడుగుతారు? తెలుగులో ఇంజెక్షన్‌కు సూదిమందు అని ఎంత చక్కని పేరు పెట్టారో మన జనం! సూది అంటేనే మందు అనుకునే లోకంలో ఉత్త సూది వైద్యం వింతగానే మిగిలిపోయింది.

నల్లమందు మాట వచ్చింది గనుక ఒక పక్కదారి. ఈస్టిండియా కంపెనీ బీహారు, కాశీ ప్రాంతాల రైతుల చేత గసగసాల పంట వేయించి, ఆ నల్లమందును కలకత్తాలో వేలం వేసేది. కొన్న వర్తకులు దాన్ని చైనాకు దొంగతనంగా చేర్చేవారు. చైనా వద్దంటే 1839లో యుద్ధం చేశారు. అలా మన నేల నుండి చైనాకు పోయింది మత్తు. వందేళ్ళ తరవాత మన వైద్యుల బృందం పోయింది. అటునుంచి బసుగారి చేతిలో వచ్చింది సూది. ఈ నల్లమందుకూ ఆ సూదికీ లోలోపల చుట్టరికం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

చైనాలో తరవాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1929లో అక్కడి జాతీయ ప్రభుత్వం పాత వైద్యాన్ని పూర్తిగా నిషేధించాలని చూసింది. వైద్యులు ఏకమై ఎదిరించారు గనుక ఆగింది. 1950లలో మావో ప్రభుత్వం దాన్ని నెత్తికెత్తుకుంది. జనం కోట్లలో, డాక్టర్లు వేలల్లో. చవకగా దొరికే వైద్యం కావాలి. భక్తి కంటే లెక్క ఎక్కువ అందులో. 1958లో షాంఘైలో మత్తుమందుకు బదులు సూదులు గుచ్చి గొంతులోని టాన్సిల్స్ తీశారు. ఆ తరవాత సూదులతో గుండె ఆపరేషన్లు చేస్తున్నామని కూడా చూపించారు. చూసి వచ్చిన పరదేశపు వైద్యులు తరవాత గమనించిందేమంటే, రోగులను జాగ్రత్తగా ఏరుకునేవారు, సూదులతో పాటు కొంత మత్తు, కొంత స్థానికంగా తిమ్మిరెక్కించే మందు కూడా ఇచ్చేవారు.

1971 జులైలో ఒక పెద్ద పత్రికా రచయిత కడుపునొప్పి ప్రపంచాన్ని మార్చింది. న్యూయార్క్ టైమ్స్ రచయిత జేమ్స్ రెస్టన్ పెకింగులో ఉన్నాడు. అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ తన ముక్కుకిందే రహస్యంగా వచ్చి వెళ్ళాడని, నిక్సన్ చైనా వస్తున్నాడని అతనికి అప్పుడు తెలిసింది. ఆ వార్త చెవిన పడిన క్షణంలోనే పొత్తికడుపులో మొదటి పోటు వచ్చిందని తనమీద తానే వేళాకోళం చేసుకున్నాడు. అపెండిసైటిస్. 'సామ్రాజ్యవాద వ్యతిరేక ఆసుపత్రి' అని అప్పట్లో పేరు మార్చిన చోట చేర్చారు. అమెరికా కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ సంస్థ డబ్బుతో 1921 నాటికి కట్టిన ఆసుపత్రి అది! ఆపరేషను మామూలు మందులతోనే, నడుముకు తిమ్మిరి సూదిమందు ఇచ్చి చేశారు. మర్నాటి రాత్రి కడుపు ఉబ్బరంతో బాధపడుతుంటే మోచేతి దగ్గర ఒకటి, మోకాళ్ళ కింద రెండు సూదులు గుచ్చి తిప్పారు, మూలిక కాల్చి పొట్టకు సెగ చూపారు. గంటలో ఉబ్బరం తగ్గింది. జులై 26న ఇదంతా ఆయన రాశాడు. సూదులతోనే రెస్టన్ పొట్ట కోశారని ఈనాటికీ పుస్తకాల్లో రాసేవాళ్ళున్నారు. ఆయన రాసింది అది కాదు. ఏమైనా 1972 ఫిబ్రవరిలో నిక్సన్ చైనా వెళ్ళాక అమెరికాలో సూది వైద్యానికి వేలంవెర్రి పుట్టింది.

వెర్రి సంగతి అలా ఉంచి, పనికొచ్చే పని ప్రయోగశాలల్లో జరిగింది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు నొప్పికి ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో ఒక గేటు వంటిది ఉందట. స్పర్శ నాడులు చురుగ్గా ఉంటే గేటు మూసుకుని నొప్పి వార్త పైకి పోదు. దెబ్బ తగిలిన చోట మనం చేత్తో రుద్దుకుంటామే, దాని మర్మం అదేనన్నమాట. 1973లో మెదడులో మార్ఫిన్ అంటుకునే ప్రత్యేక స్థానాలున్నాయని తేలింది. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. తలుపుకు తాళం బిగించి ఉందంటే తాళంచెవి ఇంట్లో ఎక్కడో ఉండాలి కదా? భగవంతుడు గసగసాల మొక్కను తలుచుకుని మన మెదడును తయారుచేయలేదు. 1975లో స్కాట్లండులోని అబెర్డీన్‌లో హ్యూస్, కోస్టెర్లిట్జ్ ఆ చెవిని కనిపెట్టారు. మెదడు తన నల్లమందును తానే తయారుచేసుకుంటుంది. దానికి ఎన్‌కెఫలిన్ అని పేరు పెట్టారు. ఇలాంటివే మరికొన్ని దొరికాక అన్నిటినీ కలిపి ఎండార్ఫిన్లు అన్నారు. అంటే లోపలి మార్ఫిన్.

1976లో టొరాంటోలో పామెరాంజ్ ఎలుకల మీదా, మరుసటి ఏడు అమెరికాలో మేయర్ మనుషుల మీదా ఒకే పరీక్ష చేశారు. సూదితో నొప్పి తగ్గించి, తరవాత నలాక్సోన్ అనే మందు ఇచ్చారు. మార్ఫిన్ మత్తును విరిచే విరుగుడు అది. ఇవ్వగానే సూది ఇచ్చిన ఉపశమనం కూడా చాలావరకు పోయింది. అంటే సూది పొడుపు లోపలి నల్లమందు భరిణె మూత తీస్తున్నదన్నమాట. ముల్లును ముల్లుతోనే తీయాలన్నది మనకు సామెత. చిన్న నొప్పి పెద్ద నొప్పిని తీయడానికి దారి ఇదని అప్పుడు కొంత తెలిసింది. కొంత అనే అంటున్నాను. పన్నెండు నాడీమార్గాలు కోసి చూస్తే ఎక్కడా కనబడవు. సూది మాత్రం పనిచేస్తుంది, కొంత.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాచపుండు అని మన పెద్దలు భయంభయంగా అనే క్యాన్సర్‌లో మనిషిని చావు కంటే ఎక్కువగా భయపెట్టేది నొప్పి. గడ్డ ఎముకను తొలుస్తుంది, నరాన్ని నొక్కుతుంది. మందులు వేళ్ళ కొనలకు మంటలు, తిమ్మిర్లు తెస్తాయి. కోసిన చోట మానాక కూడా సలుపు మిగులుతుంది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మెట్ల నిచ్చెన ఒకటి చూపించింది. మొదట మామూలు నొప్పి మాత్రలు, తరవాత కొంచెం గట్టివి, మూడో మెట్టున మార్ఫిన్. ఈ పద్ధతిలో చాలామందికి నొప్పి అదుపులోకి వస్తుంది. అంతకు ముందటి ఏడే, 1985లో, మన పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టం చేసింది. దొంగ వ్యాపారాన్ని పట్టుకోవలసిన చట్టం ఆసుపత్రుల కాళ్ళకు అడ్డం పడింది. లైసెన్సు మీద లైసెన్సు. పొరపాటున లెక్క తప్పితే జైలు. ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడం మానుకున్నాయి. 1997 నాటికి దేశం మొత్తం మీద వైద్యానికి వాడిన మార్ఫిన్ 18 కిలోలు. ప్రపంచానికి మందుల కోసం నల్లమందు పండించి పంపే దేశం మనది! ఘాజీపూర్‌లో ప్రభుత్వ కర్మాగారమే ఉంది. ఇంట్లో పాడి ఉండి పసివాడికి పాలు లేకపోవడం ఇదే. 1993లో కోళికోడులో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు నొప్పి నివారణకు సంఘం పెట్టి, ఏళ్ళ తరబడి పోరాడాక, 2014లో చట్టాన్ని సవరించారు.

నొప్పికి మందు దొరకని ఆ సందులోనే సూది పట్టుకున్న రకరకాల మనుషులు ప్రవేశించారు. నేను షోలాపురంలో ఉన్న రోజుల్లో ఒక పద్మశాలీ ఖాతాదారు గడువు తీరని డిపాజిట్ రసీదు తెచ్చి డబ్బు కావాలన్నాడు. భార్యకు రొమ్ములో గడ్డ. కోత అక్కరలేదు, సూదులతోనే గడ్డ కరిగిస్తానని వేరే ఊళ్ళో ఒకాయన చెప్పాడట. నేను నాకు తెలిసింది చెప్పాను, ముందు క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించమన్నాను. కాని డబ్బు అతనిది, నియమం ప్రకారం ఒక శాతం వడ్డీ తగ్గించి ఇచ్చాము. ఆరు నెలలకు మళ్ళీ వచ్చాడు, ఈసారి అప్పుకోసం. ఎలా ఉందమ్మాయికి అంటే, "నొప్పైతె జర తగ్గింది సార్, గడ్డనే తగ్గలే, పెరిగింది" అన్నాడు. ఈ విషయం మీద నేను చదివిన పరిశోధనలన్నిటి సారం ఆ ఒక్క మాటలో ఉంది. ఆ వైద్యుడు మోసగాడు. అతని సూది మాత్రం పూర్తిగా మోసం కాదు. గడ్డ కరుగుతుందన్న మాటకు ఎక్కడా ఆధారం లేదు. నొప్పి తగ్గుతుందన్న మాటకు కొంత ఉంది. ఆ కొంత నొప్పి తగ్గడమే జబ్బు నయమవుతున్నట్లు నమ్మించి ఆరు నెలలు తినేసింది.

ఆ ఆధారం ఎంతో చూద్దాం. 2003లో పారిస్ పక్కన విల్‌జ్విఫ్ క్యాన్సర్ ఆసుపత్రి వారు 90 మంది రోగులను మూడు జట్లు చేశారు. మందులు వాడుతున్నా నరాల నొప్పి పోనివారు వీళ్ళు. ఒక జట్టుకు చెవిలో సరైన చోట్ల చిన్న సూదులు పెట్టారు. చెవి మీద శరీరమంతా ఉందనే పద్ధతి చైనాది కాదు, 1950లలో ఫ్రాన్సులోని లియోన్‌లో పాల్ నోజియే అనే డాక్టరు కనిపెట్టింది. మిగతా రెండు జట్లకు సంబంధం లేని చోట్ల సూదులో గింజలో పెట్టారు. రెండు నెలలకు మొదటి జట్టులో నొప్పి 36 శాతం తగ్గింది. మిగతావారిలో తగ్గినది 2 శాతం. అంత చక్కని ఫలితం తరవాత పరీక్షల్లో అంత చక్కగా రాలేదు.

ఇక్కడ పరీక్ష చేసేవారి కష్టం ఒకటి చెప్పాలి. మాత్రకు ఉత్తుత్తి మాత్ర చేయవచ్చు. సూదికి ఉత్తుత్తి సూది ఎలా? జర్మనీలో 1998లో ఒక ఉపాయం పన్నారు. నాటకాల్లో పొడిచే కత్తిలాగా మొన చర్మాన్ని తాకగానే పిడిలోకి జారిపోయే సూది. గుచ్చినట్టే ఉంటుంది, గుచ్చదు. అదే జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1,162 మంది మీద జరిపిన పెద్ద పరీక్ష ఫలితం 2007లో వచ్చింది. అక్కడ నకిలీగా వాడింది ఈ సూది కాదు, సంబంధం లేని చోట్ల పైపైన గుచ్చడం. అసలు సూదితో గుణం కనబడినవారు నూటికి 48, నకిలీ పద్ధతితో 44, మామూలు వైద్యంతో 27. ఈ మూడు అంకెలు నన్ను చాలాకాలం వేధించాయి. నకిలీకీ అసలుకూ తేడా కొద్దిగా ఉంది. మామూలు వైద్యానికీ ఈ రెంటికీ తేడా ఎంతో ఉంది. చైనావారు చెప్పిన చోటుకు ఉన్న మహిమ తక్కువ, ఎవరో ఒకరు అరగంట పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని చూడడానికి ఉన్న మహిమ ఎక్కువేమో అనిపిస్తుంది.

క్యాన్సర్ నొప్పి పరీక్షలన్నీ పోగేసి 2015లో కొక్రేన్ సంస్థవారు తూచారు. లెక్కకు నిలిచినవి అయిదే పరీక్షలు, 285 మంది. ఏ తీర్పూ చెప్పడానికి చాలవన్నారు. తరవాత పెద్దవి వచ్చాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన స్త్రీలు కొందరు ఏళ్ళ తరబడి హార్మోను మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలతో కీళ్ళు పట్టేసి, చాలామంది మధ్యలో మానేస్తారు. మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం. అలాంటి 226 మందిపై అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. పదికి కొలిచే నొప్పిలో ఆరు వారాలకు నకిలీ సూది కంటే అసలు సూది సుమారు ఒక అంకె ఎక్కువ తగ్గించింది. ఒక అంకేనా అనిపించవచ్చు. ఆ ఒక్క అంకెతో మాత్ర మానకుండా ఉండగలిగితే అది చిన్న సంగతి కాదు. 2021లో న్యూయార్కులో చికిత్స ముగిసి నొప్పులు మిగిలిన 360 మంది మీద మరొక పరీక్ష. సూదులకు సన్నని విద్యుత్తు కలిపితే మామూలు వైద్యం కంటే రెండు అంకెలకు కొద్దిగా తక్కువగా నొప్పి తగ్గింది. చెవి సూదులతో దానికంటే కొంచెం తక్కువ. చెవి నొప్పి పుట్టి కొందరు మానుకున్నారు కూడా.

వీటన్నిటినీ చూసి 2022లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘంవారు నియమావళి వెలువరించారు. బ్యాంకు సర్క్యులర్లు చదివీ చదివీ నాకు అలవాటైన విద్య ఒకటుంది. 'చేయవలెను' అన్నచోటూ 'చేయవచ్చును' అన్నచోటూ పెన్సిలుతో గీత గీసుకోవడం. ఆ నియమావళిలో హార్మోను మాత్రల కీళ్ళనొప్పికి సూది వైద్యం సూచించవలెను అని ఉంది. సాధారణంగా క్యాన్సర్ నొప్పికి సూచించవచ్చును అని మాత్రమే ఉంది. గడ్డ గురించి ఒక్క ముక్క లేదు. మార్ఫిన్ అక్కరలేదనీ లేదు. మందుల పక్కన సూది ఉండవచ్చు, మందుల స్థానంలో కాదు. కీమోథెరపీ నడుస్తూ రక్తకణాలు పడిపోయిన రోజుల్లో చిన్న పోటు కూడా రక్తస్రావానికో చీముకో దారితీయవచ్చు గనుక, సూది పట్టేవాడు రోగి రక్తపరీక్ష కాగితం అడిగాడా లేదా అన్నది చూసుకోవాలి. అడగనివాడి దగ్గర చెయ్యి చాపకూడదు. శుద్ధి చేసిన, ఒక్కసారి వాడి పారేసే సూదులే ఉండాలి. రొమ్ము ఆపరేషన్ అయి చెయ్యి వాచినవారు ఆ చేతికి సూది వేయించుకునే ముందు తమ క్యాన్సర్ డాక్టరును అడగాలి.

ఇక ఖర్చు. 2018 పరీక్షలో స్త్రీలకు ఆరు వారాలు వారానికి రెండుసార్లు, మరో ఆరు వారాలు వారానికి ఒకసారి సూదులు వేశారు. మొత్తం 18 సార్లు. మన దేశంలో నేర్చినవాడు ఉన్న పట్నానికి బస్సులో పోయి రావాలి. బీడీలు చుట్టి వెయ్యికింత అని కూలి తీసుకునే మనిషికి అది 18 రోజుల కూలి, పైగా వెంట వచ్చిన కూతురిదో కోడలిదో మరో 18. సూదుల రుసుము వేరే. నోటితో వేసుకునే మార్ఫిన్ మాత్ర దొరికే చోట దాని వెల ఈ బస్సు ఛార్జీలో ఎన్నో వంతో.